అబిడ్ దుకాణం పోయింది, అబిడ్స్ మిగిలింది

హైదరాబాద్‌లో ఏ ఆటో ఎక్కి అబిడ్స్ అన్నా డ్రైవర్ మళ్లీ అడగడు. జనరల్ పోస్టాఫీసు, కూడలిలో నెహ్రూ విగ్రహం, ఆదివారం మూతపడ్డ షాపుల ముందు పరిచే పాత పుస్తకాలు, తాజ్‌మహల్ హోటల్ ఇడ్లీ: ఈ పేరు వినగానే నగరవాసికి గుర్తొచ్చేవి ఇవి. అయితే ఆ పేరు ఏ నవాబుదో, దేవుడిదో, తోటదో కాదు. ఒక దుకాణానిది. ఆ దుకాణం పెట్టినవాడు ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మేనియన్. దుకాణం మూతపడి తరాలు గడిచాయి. అందులో సరుకు కొన్నవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు. ఒక మూతపడ్డ అంగడి నగరం నడిబొడ్డుకు ఇంత గట్టిగా పేరు పెట్టడం దేశంలోనే అరుదు. ఆ పేరు వెనక ఉన్న మనిషి జీవితం చూస్తే, నిజాం కాలంలో డబ్బు ఎలా పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా పోయిందో కూడా తెలుస్తుంది.

బట్టల గది నుంచి మొదలు

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టారు. తండ్రి అఫ్జలుద్దౌలా చనిపోవడంతో 1869లో, మూడేళ్లు నిండకముందే గద్దెనెక్కారు. రాజ్యభారం మొదటి సాలార్ జంగ్ చూసుకుంటుంటే, బాలుడైన నిజాం ఇంగ్లిష్ ట్యూటర్ల దగ్గర చదువుకుంటూ పెరిగారు. 1884లో వైస్రాయ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి ఆయనకు పూర్తి అధికారాలు అప్పగించాడు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ల లోపే. కొత్త ప్రభువుకు పులుల వేట ఇష్టం, గుర్రాలు ఇష్టం, మంచి బట్టలంటే మరీ ఇష్టం. ఒకసారి వేసుకున్న దుస్తులు మళ్లీ వేసుకునేవారు కాదన్నది హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకునే మాట. పురానీ హవేలీలో ఆయన కోసం కట్టించిన బర్మా టేకు బీరువాలు ఒక పొడవాటి హాలు నిండా రెండు అంతస్తులుగా నిలబడి ఉంటాయి. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. నిజాం మ్యూజియానికి వెళ్లినవాళ్లు ఇప్పటికీ వాటిని చూడవచ్చు.

ఆ బీరువాలను చూసుకునే నౌకరీ చిన్నదేమీ కాదు. ఏ రోజు ఏ షేర్వానీ, దానికి ఏ బొత్తాలు, ఏ గడియారం, ఏ బూట్లు అన్నది నిర్ణయించే మనిషి నిజాంకు రోజూ ఎదురుపడతాడు. దివాన్లు, జాగీర్దార్లు, చివరకు బ్రిటిష్ రెసిడెంట్ కూడా నిజాం దర్శనం కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. బట్టలు అందించేవాడికి ఆ అవసరం లేదు. ఆల్బర్ట్ అబిడ్ చేసింది ఆ కొలువే.

ఆర్మేనియన్లు మన దేశానికి కొత్తవాళ్లు కాదు. ఆంగ్లేయుల కంటే ముందే రత్నాలు, పట్టు వ్యాపారంతో వచ్చి సూరత్, కలకత్తా, మద్రాసుల్లో స్థిరపడ్డారు. మద్రాసులో వాళ్ల చర్చి, వాళ్ల పేరుతో ఆర్మేనియన్ వీధి ఇప్పటికీ ఉన్నాయి. భాషలు నేర్వడం, నమ్మకం సంపాదించడం, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడటం వాళ్లకు తరతరాల విద్య. అబిడ్ ఆ విద్యను కోటలోకి తెచ్చాడు. నిజాం ఆంతరంగిక సేవకుడిగా మొదలై, ఆయన సొంత కొనుగోళ్లన్నీ తన చేతుల మీదుగా జరిగే స్థాయికి ఎదిగాడు.

హైదరాబాద్‌కు సరుకు తెచ్చే వర్తకుడు ఎవరైనా ముందు అబిడ్‌ను కలవాలి. వస్తువు నిజాం కంట పడాలంటే దారి అదే. అమ్ముడైన ప్రతి వస్తువు మీదా అబిడ్‌కు దస్తూరీ ముట్టేది. దర్బారుల్లో దస్తూరీ అబిడ్ కనిపెట్టింది కాదు. గుమాస్తా నుంచి దివాన్ దాకా అందరూ ఏదో ఒక రూపంలో తీసుకున్నదే. అయితే అబిడ్ దాన్ని ఒక వ్యాపారంగా నడిపాడు. నిజాం ఒకసారి వాడి పక్కన పెట్టిన బట్టలు, బూట్లు, గడియారాలు మెల్లగా అబిడ్ చేతికి వెళ్లేవనీ, కొంతకాలానికి అవే కొత్త పెట్టెల్లో నిజాం ముందుకు తిరిగి వచ్చేవనీ, ఆయన వాటిని మళ్లీ డబ్బిచ్చి కొనేవారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథలో అతిశయం ఎంతో తేల్చడం కష్టం. అది పుట్టి, ఇంతకాలం నిలిచిందంటే మాత్రం అబిడ్ గురించి ఊరు ఏమనుకుందో అర్థమవుతుంది.

మూసీ అవతల ఒక అంగడి

అప్పటి హైదరాబాద్ బేరసారాలన్నీ మూసీకి దక్షిణాన చార్మినార్ చుట్టూ సాగేవి. లాడ్ బజార్‌లో గాజులు, చుట్టుపక్కల వీధుల్లో ముత్యాలు, అత్తర్లు, బట్టలు. నదికి ఉత్తరాన టోకు వ్యాపారానికి బేగం బజార్, రెసిడెన్సీ గోడల పక్కన రెసిడెన్సీ బజార్ ఉండేవి. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఆ రెసిడెన్సీ మీదే. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపేశారు. మౌల్వీని అండమాన్ పంపితే అక్కడే కన్నుమూశాడు. ఆ తర్వాత రెసిడెన్సీ గోడలు మరింత ఎత్తుగా లేచాయి. దాని చుట్టూ తెల్లవాళ్లూ, వాళ్లతో పనులున్న ఉద్యోగులూ, చదువుకున్న నవాబులూ ఇళ్లు కట్టుకున్నారు. చర్చిలు, మిషన్ బడులు వచ్చాయి.

1874లో రైలు సికింద్రాబాద్ చేరింది. దూరదేశపు సరుకు బొంబాయి ఓడరేవు నుంచి రైల్లో రావడం సులువైంది. మద్రాసులో 1863లో మొదలైన స్పెన్సర్స్, కలకత్తాలో 1882లో మొదలైన వైట్‌అవే లెయిడ్‌లా లాంటి పెద్ద అంగళ్లు ఒక కొత్త అలవాటు నేర్పాయి. బట్టలకు ఒక వీధి, గడియారాలకు మరో వీధి తిరగనక్కరలేదు. ఒకే కప్పు కింద అన్నీ గాజు బీరువాల్లో కనిపిస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఆంగ్లేయ అధికారులకు అలాంటి షాపులు ఉండేవి. హైదరాబాద్ వైపు, రెసిడెన్సీకి దగ్గర్లో, ఆ తరహా అంగడికి చోటు ఖాళీగా ఉంది.

అబిడ్ తన దుకాణాన్ని ఆ చోట తెరిచాడు. నిజాం కోసం యూరప్ సరుకు తెప్పించే మనిషి అదే సరుకును నవాబులకూ, ఉద్యోగులకూ అమ్మడం మొదలుపెట్టాడు. నిజాం వేసుకున్న తరహా కోటు, నిజాం చేతికున్న తరహా గడియారం కావాలనుకునే వాళ్లకు అంతకంటే నమ్మకమైన అంగడి ఏముంటుంది? ప్రచారం అక్కరలేదు. రోజూ దర్బారులో నిజాం ఒంటి మీదే ఆ సరుకు కనిపిస్తోంది. అలా అబిడ్ రెండు చోట్లా సంపాదించాడు, దేవిడీలో దస్తూరీ, అంగట్లో లాభం. దుకాణం ఉన్న దారిని జనం అబిడ్ షాపు దారి అన్నారు. అది అబిడ్ రోడ్డయింది, చివరకు అబిడ్స్‌గా కుదురుకుంది.

వజ్రం బేరం

అబిడ్ పేరు హైదరాబాద్ దాటి కలకత్తా, లండన్ పత్రికలకు ఎక్కింది 1891లో. సిమ్లాలో అలెగ్జాండర్ మాల్కమ్ జేకబ్ అనే రత్నాల వ్యాపారి ఉండేవాడు. రుడ్యార్డ్ కిప్లింగ్ కిమ్ నవలలో లర్గన్ సాహెబ్ పాత్రకు ఇతనే మూలమంటారు. దక్షిణాఫ్రికాలో దొరికి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సానపట్టిన 184 క్యారెట్లకు పైబడిన ఒక తెల్లని వజ్రం అప్పట్లో కొనేవాడి కోసం ఎదురుచూస్తోంది. ఇంపీరియల్ అనీ, విక్టోరియా అనీ దాన్ని పిలిచేవారు. దాన్ని నిజాంకు అమ్మిపెట్టాలని జేకబ్ అనుకున్నాడు. అతనికి కూడా దారి అబిడే.

జేకబ్ ముందు వజ్రం నమూనా తెచ్చి చూపించాడు. బేరం 46 లక్షల రూపాయల దగ్గర ఆగింది. అందులో సగం, 23 లక్షలు, కలకత్తా బ్యాంకులో జమ చేస్తారు. అసలు రాయి వచ్చాక నిజాంకు నచ్చితేనే కొంటారు, నచ్చకపోతే డబ్బు వెనక్కి. ఇదీ షరతు. జేకబ్ ఆ జమ సొమ్ముతోనే వజ్రం తెప్పించాడు. ఇంతలో విషయం బ్రిటిష్ రెసిడెంట్‌కు తెలిసింది. ఖజానా ఇబ్బందుల్లో ఉండగా ఒక రాయికి అంత ఖర్చు తగదని అభ్యంతరం వచ్చింది. జేకబ్ అసలు వజ్రం ముందు పెట్టినప్పుడు నిజాం నాపసంద్ అన్నారు, అంటే నచ్చలేదని. డబ్బు తిరిగి ఇవ్వమన్నారు. జేకబ్ దగ్గర డబ్బు లేదు.

వ్యవహారం కలకత్తా హైకోర్టుకు క్రిమినల్ కేసుగా వెళ్లింది. బేరం మొదటి నుంచీ మధ్యలో ఉన్న అబిడ్ కేసులో కీలకమైన మనిషి అయ్యాడు. ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారు, అందులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నలతో విచారణ నడిచింది. దేవిడీ గోడల మధ్య గుసగుసగా ఉండే దస్తూరీ వ్యవహారం పత్రికల్లో అచ్చయింది. నిజాం కలకత్తా వెళ్లలేదు. ఆయన వాంగ్మూలం తీసుకోవడానికి కమిషన్ హైదరాబాద్ వచ్చింది. ప్రభువు ఒక న్యాయవాది ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం హైదరాబాద్ ఎన్నడూ ఎరగనిది. మహబూబ్ అలీ ఖాన్ దాన్ని అవమానంగానే భావించారు. చివరకు జ్యూరీ జేకబ్ నిర్దోషి అని తేల్చింది.

గెలిచిన జేకబ్ వ్యాపారం మాత్రం నిలబడలేదు. రాజులు అతని గడప తొక్కడం మానేశారు. 1921లో బొంబాయిలో పేదరికంలో చనిపోయాడు. రాజీ తర్వాత వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది, ఆయన దాన్ని మళ్లీ ముట్టుకోవాలనుకోలేదు. 1911లో ఆయన మరణించాక కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి బూటు ముందుభాగంలో, గుడ్డలో చుట్టి దొరికిందనీ, కాగితాలు ఎగరకుండా బరువుగా వాడారనీ చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఈ జేకబ్ వజ్రం కూడా వాటితో పాటే వచ్చింది. బూటులో దొరికిందన్న మాట నిజమైతే, మనం మళ్లీ అబిడ్ కొలువు చేసిన బట్టల గదికే వెళ్లాలి.

ఒక్క గిరాకీ మీద నిలిచిన దుకాణం

వజ్రం కేసు బయటపెట్టిన అసలు విషయం జేకబ్ గురించో అబిడ్ గురించో కాదు. అబిడ్ దేవిడీలో తీసుకున్న దస్తూరీ, అంగట్లో పొందిన లాభం రెండూ చివరకు ఒకే చోట నుంచి వచ్చాయి. నిజాం సొంత ఖర్చులకు సర్ఫ్-ఎ-ఖాస్ భూముల ఆదాయం, రాజ్యం ఖర్చులకు దివానీ భూముల శిస్తు. నవాబుల ఖర్చులకు జాగీర్ల రాబడి. వరంగల్, నల్లగొండ, ఔరంగాబాద్, బీదర్ పల్లెల్లో రైతు కట్టిన పైకమే లండన్ కోటుగా, స్విట్జర్లాండ్ గడియారంగా మారి అబిడ్ షాపు గాజు బీరువాల్లో మెరిసింది. 1899-1900 కరువు రాజ్యంలోని మరాఠా జిల్లాలను పీడించినప్పుడు కూడా దేవిడీ ఖర్చులకు కరువు రాలేదు. మహబూబ్ అలీ ఖాన్ దానగుణం గురించి, 1908 మూసీ వరదల్లో ఆయన పడిన వేదన గురించి జనం ప్రేమగా చెప్పుకుంటారు. అది అబద్ధం కాదు. ఆ ప్రేమ, ఆ ఖర్చు రెండూ ఒకే మనిషివి.

అబిడ్ అంగడి బలం, బలహీనత కూడా అక్కడే ఉన్నాయి. స్పెన్సర్స్‌కు వేల మంది కొనుగోలుదారులు. ఒకరు పోతే మరొకరు వస్తారు. అబిడ్‌కు అసలు గిరాకీ ఒక్కరే. మిగిలినవాళ్లు ఆ ఒక్కరిని చూసి వచ్చినవాళ్లు. అలాంటి దుకాణం ప్రభువు ఇష్టం ఉన్నంత వరకే. అబిడ్ ఆ సంగతి తెలియనివాడు కాదు. సంపాదించినది పట్టుకుని ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడ్డాడని హైదరాబాద్ గురించి రాసినవాళ్లు చెబుతారు. వారసులు ఆ పేరుతో ఇక్కడ అంగళ్ల వరుస నడపలేదు. దుకాణం ఉన్న చోట తర్వాత ప్యాలెస్ టాకీస్ వెలిసిందని పాత హైదరాబాదీలు అనేవారు. ఇప్పుడు ఆ టాకీస్ కూడా లేదు.

పేరు తర్వాత బతికిన బతుకు

అబిడ్ వెళ్లిపోయాక అబిడ్స్ పెరిగింది. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వచ్చింది. మరుసటి ఏడాది మూసీ వరద పాతబస్తీని ముంచెత్తడంతో, స్తోమత ఉన్నవాళ్లు ఉత్తరపు ఒడ్డు వైపు కదిలారు. ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే ఉండిపోవడంతో అధికారం కూడా నది దాటింది. 1930లలో మోజంజాహి మార్కెట్ కట్టారు. గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు వచ్చింది. రెసిడెన్సీ బజార్లు నిజాం పాలనకు తిరిగి వచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. వీటన్నిటికీ మధ్యలో అబిడ్స్ ఉంది.

1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి ఉద్యోగులు, విద్యార్థులు రాజధానికి వచ్చారు. వాళ్లలో చాలామందికి హైదరాబాద్‌లో మొదట అలవాటైన బజారు అబిడ్స్. పెళ్లి బట్టలు అక్కడే, బడి పుస్తకాలు అక్కడే, సినిమా కూడా అక్కడే. ప్యాలెస్, జమ్రూద్, సాగర్ టాకీసులు నిండేవి. ఓరియంట్ హోటల్లో ఒక చాయ్ ముందు పెట్టుకుని కవులు, పత్రికల వాళ్లు, రాజకీయ నాయకులు గంటల తరబడి కూర్చునేవారు. ఉర్దూ, తెలుగు ఒకే బల్ల మీద వినిపించేవి. ఆర్మేనియన్ దుకాణదారుడు ఎవరో వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, రోజూ ఆ పేరు పలకని వాళ్లు లేరు.

ఓరియంట్ మూతపడింది. టాకీసులు ఒకటొకటిగా పోయాయి. 1986లో హైదరాబాద్‌లో మొదలై, ఇంటి సరుకులు తీసుకోవడానికి చేతిలో బుట్టతో వరుసల మధ్య తిరగడం మనకు నేర్పిన త్రినేత్ర సూపర్ మార్కెట్లు 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లి, మోర్ బోర్డు కింద మాయమయ్యాయి. 2001లో బిగ్ బజార్ దేశంలో తెరిచిన తొలి దుకాణాల్లో ఒకటి అబిడ్స్‌లోనిదే. జనం ఎగబడ్డారు. 2022 నాటికి అప్పుల ఊబిలో ఆ గొలుసే తెగిపోయింది. వీటిలో ఏ ఒక్కటీ ఒక వీధికి పేరు కాలేదు. త్రినేత్ర దగ్గర దిగుతాను అన్న మాట కొన్నాళ్లు వినిపించింది, బోర్డు మారాక అదీ పోయింది.

మరి అబిడ్ పేరు ఎందుకు నిలిచింది? అతను మంచివాడనో గొప్పవాడనో ఎవరూ అనలేదు. చుట్టూ పెద్దగా ఏమీ లేని కాలంలో ఆ అంగడి ఒక్కటే గుర్తు. జట్కావాళ్లకు, సరుకు మోసేవాళ్లకు, చీటీ పట్టుకుని వచ్చే నౌకర్లకు దారి చెప్పుకోవడానికి ఒక మాట కావాలి. వాళ్లు పెట్టుకున్న పేరు అది. ఆ నోళ్లకు అలవాటయ్యాక ఏ ఫర్మానా దాన్ని మార్చలేదు. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట మూసా రామ్ అయి, మూసారాంబాగ్‌గా మిగిలింది. కమాల్ ఖాన్ కట్టిన ఇంటి తలుపుల మీది రెండు అక్షరాలు కింగ్ కోఠీ అయ్యాయంటారు. పరాయివాళ్ల పేర్లను నగరం తన నాలుకకు తగ్గట్టు తిప్పుకుని సొంతం చేసుకుంది.

నేటి మెట్రో పటంలో నాంపల్లి ఉంది, గాంధీభవన్ ఉంది, అబిడ్స్ స్టేషన్ లేదు. షాపింగ్ అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా మాదాపూర్ మాల్స్ దాకా వెళ్లిపోయింది. అయినా ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. సివిల్స్ గైడు కోసం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, పాత ఉర్దూ దీవాన్ కోసం వెతికే ముసలాయన పక్కపక్కనే వంగి చూస్తుంటారు. రూపాయికీ పది రూపాయలకీ బేరమాడతారు. అబిడ్ అంగడి ఒక్క నిజాంను నమ్ముకుని నడిచింది. ఆయన ఇష్టంతో మొదలై, ఆ కాలంతోనే ముగిసింది. ఈ ఫుట్‌పాత్‌కు అలాంటి పెద్ద గిరాకీ ఎన్నడూ లేదు. జేబులో కొద్దిపాటి డబ్బుతో వచ్చే వేల మందే దాని గిరాకీ. దుకాణదారుడి పేరును ఇన్నేళ్లుగా మోస్తున్నదీ వాళ్లే. పల్లెల నుంచి శిస్తుగా కదిలిన డబ్బుతో ఒకప్పుడు వెలిగిన ఆ చోటికి, ఇప్పుడు ఆ పల్లెల పిల్లలే తమ డబ్బుతో వచ్చి తమకు కావలసింది కొనుక్కుంటున్నారు.